పదిహేడో నంబరు ట్యూబు

తొట్టెలోంచి చేప దూకి నేలమీద పడి చావడం ఆ నెలలో అది రెండోసారి. పొద్దున్నే లేచిన కోడలు దాన్ని చూసింది. చేటలోకి ఎత్తి, కిటికీలోని పూలకుండీ మట్టిలో కప్పిపెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, పాలు పొంగకుండా చూసుకున్నది. ఏడు నెలలుగా ఆమె పనులన్నీ ఇలాగే సాగుతున్నాయి. ఒకటి తరవాత ఒకటి, ఏదీ వదలకుండా, ఏదీ తనను తాకకుండా.

తొట్టె ఆమె భర్తది. రెండు బిందెల నీళ్ళు పట్టే గాజు తొట్టె, అందులో గోరంత నీలిచారల చేపలు. మొదట పద్దెనిమిది ఉండేవి. అతను పోయిన కొద్ది రోజులకే పైనున్న పాత దీపం మాడిపోయింది. బజారులో కొత్తది తెచ్చి బిగిస్తే అది మీట నొక్కగానే కళ్ళు చెదిరేలా వెలిగేది. చీకట్లో కదలకుండా ఉన్న చేపలు ఒక్కసారిగా బెదిరి, అడ్డదిడ్డంగా పరిగెత్తి, మూత సందులోంచి బయటపడేవి.

"దీన్నీ చంపేశామా అమ్మాయ్?" అన్నది అత్తగారు, తొట్టె ముందు తన కుర్చీలో కూర్చుంటూ.

"దూకింది అత్తయ్యా."

"ఊరికే దూకుతుందా? నిద్రలో మొహం మీద టార్చిలైటు కొడితే నువ్వయినా దూకుతావు."

అంతకు మించి ఆ ఉదయం మాటల్లేవు. ఒకప్పుడు ఆవిడ నోటికి వీధి వీధంతా జడిసేది. పాలవాడు ఆవిడ కంట పడకుండా చెంబు గుమ్మంలో పెట్టి జారుకునేవాడు. కొడుకు పోయాక ఆ నోటికి తాళం పడింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ కుర్చీలోనే. రోజు మొత్తం మీద అయిదారు మాటలు, అవీ చేపల గురించే. చేపలు కూడా లేకపోతే ఆ అయిదారూ ఉండవని కోడలికి తెలుసు. అందుకని చెప్పినట్టు వినే దీపం ఒకటి కావాలనుకున్నది. అది దుఃఖం వల్ల పుట్టిన ఆలోచన కాదు. చేయవలసిన పనుల వరసలో అదొకటి.

ఆమె ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో ల్యాబు అసిస్టెంటు. మంచినీళ్ళ సీసాకైనా చీటీ అంటించి తేదీ వెయ్యనిదే బల్లమీద పెట్టనివ్వదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలు ఆమెను చాటుగా లేబులమ్మ అంటున్నారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తప్పేమీ లేదు గనక ఊరుకుంటుంది.

భర్త నీటిలో అమర్చే దీపాలు తయారు చేసే కార్ఖానాలో బిగింపు పనివాడు. ఇత్తడి చుట్టులో గాజు మూత కూర్చి, చుట్టూ సిలికాన్ బంక పూసి, చెమ్మ లోపలికి పోకుండా మూసెయ్యడం అతని పని. ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉన్నది. ఎవరు బిగించిన దీపం అడుగున వాళ్ళు తమ నంబరు అచ్చు కొట్టాలి. అతనిది పదిహేడు. ఒక పార్కులో ఫౌంటెన్ దీపాలు మిణుకుమంటున్నాయని ఫిర్యాదు వస్తే బాగుచెయ్యడానికి అతన్నే పంపారు. నీళ్ళలో చెయ్యి పెట్టాడు, కరెంటు కొట్టింది, అక్కడికక్కడే పోయాడు. దీపం పైకి తీసి చూస్తే అడుగున పదిహేడు అని ఉన్నది.

తరవాత కార్ఖానా నివేదిక వచ్చింది. 'మృతుడు తాను స్వయంగా బిగించిన దీపమును నిర్లక్ష్యముగా మూసినందున నీరు చేరి ప్రమాదము సంభవించినది.' ఆ వాక్యం ఆమె ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. అందులో ప్రతి మాటా అతన్ని వేలెత్తి చూపుతున్నది. చొక్కా గుండీ ఊడితే దారం మూడు చుట్లు తిప్పి ముడివేసే మనిషి నిర్లక్ష్యంగా పని చేశాడంటే ఆమె నమ్మలేదు. కానీ ల్యాబులో తను పిల్లలకు చెప్పే మాట తనకూ వర్తిస్తుంది. తెలుసు అనకు, చూపించు. చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. కాగితం మడిచి అలమరలో పెట్టింది.

దీపం సంగతికి రేడియో బాబాయి దగ్గరికి వెళ్ళింది. వీధి మొదట్లో ఆయన మరమ్మతుల కొట్టు. ఇప్పుడెవరూ రేడియోలు తేవడం లేదు. వచ్చేవన్నీ మిక్సీలు, ఫాన్లు. పేరు మాత్రం ఆయనను వదల్లేదు. ఆమె చెప్పిందంతా విని, మునివేళ్ళతో సోల్డరింగు కడ్డీ తిప్పుతూ, కొన్న దీపం పారెయ్యమన్నాడు. పన్నెండు వోల్టుల ఎల్ఈడీ పట్టీ ఒకటి, అది అంటించడానికి అల్యూమినియం పట్టె ఒకటి, ఒక అడాప్టరు, గుండ్రని పిడి ఉన్న డిమ్మరు పెట్టె ఒకటి తెచ్చుకుంటే చాలన్నాడు. అల్యూమినియం దేనికని అడిగితే, వేడి పీల్చుకోవడానికన్నాడు. అది లేకపోతే దీపాలు తమ వేడికి తామే మాడిపోతాయట.

"డిమ్మరు కరెంటు తగ్గిస్తుందా బాబాయ్ గారూ?"

"తగ్గించదు తల్లీ. క్షణానికి వెయ్యిసార్లు ఆర్పేసి మళ్ళీ వెలిగిస్తుంది. వెలిగున్న సేపు తక్కువ, ఆరిపోయిన సేపు ఎక్కువ అనుకో, మన కళ్ళకి మసగ్గా వెలుగుతున్నట్టుంటుంది. నిజానికది చాలాసేపు ఆరిపోయే ఉంటుంది."

ఆ వివరణ ఆమెకు ఇట్టే అర్థమైంది. రెండోసారి అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద పని మొదలుపెట్టింది. పట్టీని గీత ఉన్న చోటనే కత్తిరించాలని బాబాయి మరీ మరీ చెప్పాడు. ఆమె గీత మీదే కత్తిరించింది. రాగి చుక్కల మీద ఎర్ర తీగ, నల్ల తీగ అతికించింది. మొదటి అతుకు గడ్డకట్టి ఊడిపోయింది, రెండోది నిలిచింది. ఆవిరి తగిలే చోట కనుక అతుకుల మీద, చివరల మీద సిలికాన్ పుయ్యాలి. దానికీ బాబాయి సలహా ఉన్నది.

"మీ ఆయన తొట్టె మూల కారుతుంటే పూశాడు చూడు, ఆ బంకే పుయ్యి. చేపలే బతుకుతున్న బంక, దీపాన్నేం చేస్తుంది?"

చేపలు పెంచేవాళ్ళంతా అలాగే అనుకుంటారు. అనుకోవడంలో వింత లేదు. భర్త పనిముట్ల పెట్టె అడుగున సగం వాడిన ట్యూబు దొరికింది. మూతి దగ్గర గట్టిపడిన ముక్కను బ్లేడుతో కోస్తే లోపల ఇంకా మెత్తగానే ఉన్నది. పుల్లటి ఘాటు ముక్కుకు కొట్టింది. తల పక్కకు తిప్పుకుని అతుకుల మీద పూసేసి, తుడిచి, ఆరబెట్టింది.

మర్నాటి నుంచి డిమ్మరు పిడి అత్తగారి చేతికి వచ్చింది. పొద్దున్నే ఆవిడ రెండు వందలు లెక్కపెట్టేంతసేపు దాన్ని కొద్దికొద్దిగా తిప్పేది. తొట్టెలో ముందు బూడిదరంగు, తరవాత ఆకుపచ్చ, ఆ తరవాత నీలిచారలు. చేపలు రాళ్ళ చాటునుంచి తీరుబడిగా బయటికి వచ్చేవి. ఒక్కటీ దూకలేదు. అత్తగారి మాటలు ఆరు నుంచి పదికి పెరిగాయి. అందులో ఒకటి పాలలో నీళ్ళ గురించి. పాలవాడు మళ్ళీ గుమ్మంలో చెంబు పెట్టి జారుకోవడం మొదలుపెట్టాడు.

అయిదు వారాలు గడిచాక పట్టీ చివర దీపాలు పసుపుబారాయి. ఇంకో వారానికి మూడు ఆరిపోయాయి. సరిగ్గా ఆ వారమే కార్మిక శాఖ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. నెల రోజుల్లో విచారణ. కుటుంబానికి అభ్యంతరం ఉంటే ఆ రోజు చెప్పుకోవచ్చు, లేకపోతే నివేదికే ఖాయమవుతుంది. ఆమె ఉత్తరం సంచిలో పెట్టుకుని, పాడైన దీపాన్నీ బంక ట్యూబునూ కాగితంలో చుట్టుకుని, బడి నుంచి వస్తూ బాబాయి కొట్లో ఆగింది.

ఆయన బ్లేడుతో సిలికాన్‌ను ఒలిచాడు. కింద రాగి చుక్కలు పచ్చగా ఉన్నాయి. ముట్టుకుంటే పొడి రాలింది. బంక పూయని నడిమి భాగంలో రాగి ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నది.

"నా బుద్ధి తెల్లారినట్టే ఉందమ్మా," అన్నాడు బాబాయి చిన్నబోతూ. "నీళ్ళేమీ పోలేదు. బంకే తినేసింది."

ఆమె పచ్చటి పొడిని చూస్తూ నిలబడిపోయింది. ఆ పచ్చదనాన్ని ఏటేటా ల్యాబులో పిల్లలకు చూపిస్తూనే ఉంటుంది. వెనిగర్ చుక్క వేసి పక్కన పెట్టిన రాగి రేకు మీద పట్టేది అదే. ట్యూబు మూతి ముక్కుకు దగ్గరగా పెట్టుకున్నది. ఈసారి తల తిప్పుకోలేదు. ఆ వాసన ఆమెకు దీపం కట్టిన నాటిది కాదు, అంతకు ముందుది. పోయేముందు ఏడాదిగా భర్త చొక్కాలను ఉతికినప్పుడల్లా తగిలినది. "వెనిగర్ సీసాలో పడి ఈదుతున్నారా ఏమిటి?" అని ఒకసారి వేళాకోళం కూడా చేసింది. కొత్తరకం బంక వచ్చిందని, కళ్ళు మండుతున్నాయని అతను అన్నాడు. అంతకు ముందు పదకొండేళ్ళు ఆ చొక్కాలకు చెమట వాసన తప్ప మరే వాసనా లేదు.

బాబాయి తనకు తెలిసినంత చెప్పాడు. బంకలో రెండు రకాలున్నాయి. పుల్లటి వాసన వేసేది గాజును ప్రాణంగా పట్టుకుంటుంది, తొట్టెలకు అందుకే వాడతారు. రాగినీ ఇత్తడినీ మాత్రం తినేస్తుంది. తిన్నచోట పొడి లేచి, పైనున్న బంక పట్టు వదిలేస్తుంది. రెండోది వాసన లేనిది, కాస్త ప్రియం.

"ఇత్తడి చుట్టుకి ఇదే పూస్తే?"

"ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పూసినా ఊడుతుందమ్మా. బాగా పూసినవాడు, సరిగ్గా పూయనివాడు అని తేడా ఉండదు."

ఇంటికి వచ్చి ట్యూబును కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూసింది. ఒక పక్క కార్ఖానా స్టోర్సు ముద్ర, ఇచ్చిన తేదీ. దాని కింద మార్కరు పెన్నుతో పదిహేడు.

ఆ సాయంత్రం ఆమె చేసిన పని పద్ధతి ప్రకారం చేసింది. రెండు గాజు జాడీలు, రెంటిలోనూ అడుగున ఒకే కొలత నీళ్ళు. పైన ఒకే పట్టీలోంచి కత్తిరించిన రెండు ముక్కలు, ఒక్కోదాని పక్కన ఒక ఇత్తడి చుట్టు. ఒకదానికి భర్త ట్యూబులోని బంక. రెండోదానికి కొట్లో కొన్న వాసన లేని బంక. రెండూ ఒకే అడాప్టరు మీద, ఒకే వెలుగు మీద. వాసన లేని బంకతోనే తొట్టెకూ ఇంకో దీపం కట్టి బిగించింది. చీటీలు అంటించి, తేదీ వేసి, రోజూ బడికి పోయేముందు చూసింది చూసినట్టు పుస్తకంలో రాసింది. మొదటివారం రెండిటికీ తేడా లేదు. రెండోవారం ఒకదాని ఇత్తడి మీద పచ్చని గీత. నాలుగోవారానికి ఆ జాడీలో పట్టీ ఆరిపోయింది. వేలితో తోస్తే ఇత్తడి మీది బంక రిబ్బనులా లేచి వచ్చింది. రెండో జాడీలో మొదటిరోజు ఎలా ఉన్నదో అలాగే ఉన్నది.

రాస్తున్నంతసేపూ ఆమెకు సంతోషం గానీ కోపం గానీ కలగలేదు. చేతిరాత మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నది.

అడ్డంకి ఒకటే. కార్ఖానా గేటు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, షిఫ్టు అయ్యాక మిగిలిన సరుకు స్టోర్సుకు తిరిగి ఇవ్వాలి, గేటు దాటిస్తే దొంగతనం. సగం ట్యూబు మర్నాటికి మూతి గట్టిపడుతుంది, కార్ఖానాలో దాన్ని మళ్ళీ వాడరు కనుక అందరూ జేబులో వేసుకునేవాళ్ళే. కానీ నియమం నియమమే. ఆ ట్యూబు కార్ఖానాదని నిరూపించాలంటే అది ఇంటికి ఎలా వచ్చిందో చెప్పక తప్పదు.

విచారణకు ముందురోజు ఆ సంగతి అత్తగారితో చెప్పింది. ఆవిడ డిమ్మరు పిడి మీద చెయ్యి వేసింది.

"అజాగ్రత్త అంటే నలుగురూ నాలుగు రోజులకి మర్చిపోతారే. దొంగ అంటే మర్చిపోతారా?"

"మర్చిపోరు అత్తయ్యా."

"నా మంచం కాడ తొట్టె కారుతోందని పోరింది నేనే. నేనే తెమ్మన్నానని చెప్పు. ముసలిదాన్ని, నన్నేం చేస్తారు?"

"మీరు తొట్టె బాగుచెయ్యమన్నారు. అక్కణ్ణుంచి తెమ్మనలేదు."

"అబద్ధమైతే నాది కదా, నీకెందుకు?"

"ఒక్క అబద్ధం దొరికితే నా జాడీలు కూడా అబద్ధమంటారు."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. ఇన్ని నెలల్లో ఆవిడ తొట్టె మీదనుంచి చూపు మరల్చి మనిషిని చూడటం అదే మొదటిసారి కావచ్చు. "నీది గుండె కాదే, రాయి," అన్నది. తరవాత, "పోయి చెప్పు. రాయి అయితేనే చెప్పగలదు," అన్నది.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, నాలుగు కుర్చీలు, మూలనుంచి మూలకు దస్త్రాల బీరువాలు. విచారణ అధికారి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని నివేదిక చదివాడు. ఎదుట కార్ఖానా మేనేజరు, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో, పార్కులో తీసిన దీపం ఫోటోలు పరిచి కూర్చున్నాడు. ఫోటోలో పదిహేడు స్పష్టంగా కనబడుతున్నది. బంక అంచు లేచి ఉన్నది, చూడండి, సరిగ్గా పూయలేదు, అని ఆయన వేలు పెట్టి చూపించాడు. పోయినవాడి గురించి మాట్లాడటం తనకు బాధగానే ఉన్నదని కూడా అన్నాడు.

ఆమె లేచి జాడీలు రెండూ బల్లమీద పెట్టింది. ల్యాబు పుస్తకం పెట్టింది. తొట్టె మీంచి తీసిన పాడైన దీపం పెట్టింది. చివర ట్యూబు పెట్టింది. దేని పక్కన ఏది ఎందుకు పెట్టిందో, ఏ తేదీన ఏం చూసిందో చదివి వినిపించింది. అధికారి కళ్ళజోడు కిందికి దించుకుని, బంకను తన వేలితో తానే తోసి చూశాడు. లేచి వచ్చింది. వేలు వాసన చూసుకున్నాడు.

మేనేజరు నవ్వాడు. ఇలాంటి ట్యూబులు బజారులో ఏ కొట్లోనైనా దొరుకుతాయని, దానికీ తమ దీపాలకూ ఏమిటి సంబంధమని, పదిహేడు అని ఎవరైనా రాసుకోవచ్చునని అన్నాడు.

"బజారులో దొరికేదే," అన్నది ఆమె. "మా ఆయన మాత్రం బజారులో కొనలేదు. షిఫ్టు అయ్యాక మీ స్టోర్సులో తిరిగి ఇవ్వకుండా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చారు. తొట్టె కారుతుంటే పూశారు."

మేనేజరు కుర్చీలో ముందుకు జరిగాడు. మొహం వెలిగింది.

"విన్నారా సార్? దొంగతనం ఒప్పుకుంటోంది. ఇది తప్పకుండా రాయించండి. జాగ్రత్త గల మనిషి అంటున్నారే, ఇదీ ఆయన జాగ్రత్త. కంపెనీ సరుకు గేటు దాటించాడు."

"ఇది మీ సరుకేనా?" అన్నాడు అధికారి, ట్యూబు చేతిలోకి తీసుకుని.

"మాదే సార్. ముద్ర కనబడుతోందిగా. స్టోర్సు ముద్ర, తేదీతో సహా."

"పదిహేడు అంటే?"

"అతని నంబరే. ఎవరి ట్యూబు మీద వాళ్ళ నంబరు వేసే ఇస్తాం."

"ఏం పనికిస్తారు?"

మేనేజరు నోరు తెరిచాడు. బల్ల చివర రాస్తున్న గుమాస్తా కలం ఎత్తి జవాబు కోసం చూశాడు. మేనేజరు చూపు ట్యూబు మీదనుంచి జాడీ మీదికి, జాడీలోని పచ్చటి ఇత్తడి మీదికి పోయి, అక్కణ్ణుంచి తన ఫోటోల మీదికి వచ్చింది.

"దీపాలు మూయడానికి," అన్నాడు చివరికి. "కొనుగోళ్ళు నా విభాగం కాదు సార్. ఏ రకం కొన్నారో నాకు తెలియదు."

"తెలిసినవాళ్ళు వస్తారు లెండి. ఈ తేదీకి ముందు ఏ రకం కొన్నారో, తరవాత ఏ రకం కొన్నారో, ఎవరు మార్చమన్నారో, స్టోర్సు పుస్తకాలు వారంలోగా నా బల్లమీద ఉండాలి," అన్నాడు అధికారి. పదిహేడు కాక మిగతా నంబర్ల దీపాలు ఏయే చోట్ల నీళ్ళలో ఉన్నాయో ఆ జాబితా కూడా తెమ్మన్నాడు. ఆ మాట ఆమెకు తట్టనే లేదు. ఇన్నాళ్ళూ ఆమె లెక్కలో ఒకే దీపం ఉన్నది.

గుమాస్తా రాసింది చదివి వినిపించాడు. మొదటి వాక్యం, మృతుడు సంస్థకు చెందిన బంక ట్యూబును అనుమతి లేకుండా ఇంటికి తీసుకుపోయినట్లు భార్య తెలిపినది. రెండో వాక్యం, సదరు రకం బంకను దీపములు మూయుటకు సంస్థయే ఇచ్చినట్లు సంస్థ ప్రతినిధి అంగీకరించినందున, నివేదికలోని 'నిర్లక్ష్యము' అను మాటను తదుపరి విచారణ వరకు నిలిపివేయడమైనది.

అధికారి ఆమె వైపు తిరిగాడు. గొంతు కాస్త తగ్గించి, మొదటి వాక్యం ఈ విచారణకు అవసరం లేదమ్మా, కావాలంటే తీయించేస్తాను, అన్నాడు. మేనేజరు కూడా తల ఊపాడు. ఇప్పుడు ఆ వాక్యం పోవడమే ఆయనకూ మేలు.

"ఉంచండి సార్. అది జరిగింది. అది తీసేస్తే ట్యూబు మా ఇంటికి ఎక్కణ్ణుంచి వచ్చిందని రేపు వీళ్ళే అడుగుతారు."

కాగితం ముందుకు జరిపారు. ఆమె రెండుసార్లు చదివి సంతకం చేసింది. లోపల ఏదైనా కదులుతుందేమోనని ఒక క్షణం ఆగి చూసింది. ఏమీ కదల్లేదు. కళ్ళు మాత్రం కొద్దిగా మండాయి. అది బంక ఘాటు వల్లనే కావచ్చు.

నకలు టైపు చెయ్యడానికి గంట పడుతుందని, పోస్టులో పంపుతామని, ఇంటికి వెళ్ళమని గుమాస్తా అన్నాడు. ఆమె ఉంటానన్నది. వరండాలో బల్ల మీద కూర్చుని, అత్తగారికి ఆ రెండు వాక్యాలూ ఎలా చెప్పాలో ఆలోచించుకున్నది. ముందు రెండోది చెబితే ఆవిడ తేలిగ్గా వింటుంది. కానీ కాగితంలో ఉన్న వరసలోనే చదవాలి. మొదటిది చదివాక ఆవిడ ఏమైనా అంటే, అననిచ్చి, ఆ తరవాత రెండోది చదవాలి. లోపల టైపు మిషను చప్పుడు మొదలైంది.